తెలిసింది చెప్పాలంటే నమ్మకం ఉండాలి

డబ్బు పంచితే తరుగుతుంది. పనితనం పంచితే తరగదు. ఇది అందరికీ తెలిసిన మాటే. కాని మన చుట్టూ ఉన్న దుకాణాల్లో, కార్ఖానాల్లో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో జరుగుతున్నదేమిటి? తెలిసినవాడు చెప్పడు. తెలియనివాడు అడగడు. దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టర్ కుర్రవాళ్లు భోజనానికి వెళ్లాకే కత్తెర చేతిలోకి తీసుకుంటాడు. మెకానిక్ షెడ్డులో ఉస్తాద్ అసలు కిటుకు దగ్గరికి వచ్చేసరికి షాగిర్దును టీ తెమ్మని పంపేస్తాడు. ఆఫీసులో పాత గుమాస్తా ఏ ఫైలు ఎక్కడుందో తన బుర్రలోనే ఉంచుకుంటాడు గాని, కాగితం మీద పెట్టడు. కొత్తగా చేరిన నర్సు మందు మోతాదు విషయంలో అనుమానం వచ్చినా, పెద్ద నర్సు ఏమంటుందోనని నోరు మెదపదు.

వీళ్లందరినీ స్వార్థపరులనో, పొగరుబోతులనో, పిరికివాళ్లనో అనేసి ఊరుకోవడం తేలిక. కొందరి విషయంలో అది నిజం కూడా కావచ్చు. కాని కాస్త ఆగి చూస్తే, చాలా సందర్భాల్లో దీని వెనుక ఒకే ఒక్క లోటు కనిపిస్తుంది. ఆ లోటు పేరు నమ్మకం. 'నేను చెబితే వీడు నా స్థానానికే ఎసరు పెడతాడేమో', 'నేను అడిగితే తెలివితక్కువవాణ్ని అనుకుంటారేమో', 'పొరపాటు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందేమో'. ఈ మూడు భయాలే మనుషుల నోళ్లు మూయిస్తున్నాయి. ఒకచోట పనిచేసేవారి మధ్య నమ్మకం ఉంటే జ్ఞానం ఎలా ప్రవహిస్తుందో, అది లేనప్పుడు ఎంత నష్టం జరుగుతుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

కాగితానికి ఎక్కని జ్ఞానం

ముందుగా ఒక విషయం గమనించాలి. పనికి సంబంధించిన జ్ఞానం రెండు రకాలు. రాసి ఇవ్వగలిగింది ఒకటి. కొలతలు, లెక్కలు, నిబంధనలు, ఫోను నంబర్లు ఈ కోవకు వస్తాయి. రెండోది చేతిలో, చెవిలో, కంటిలో ఉండేది. ఇంజను చప్పుడు వినగానే లోపం ఎక్కడుందో పసిగట్టడం, డేగిశా మూత తీయకుండానే దమ్ము సరిపోయిందని గ్రహించడం, రోగి ముఖం చూసి పరిస్థితి విషమిస్తోందని తెలుసుకోవడం ఈ రెండో రకం. మనిషి తాను చెప్పగలిగిన దానికన్నా ఎక్కువే తెలుసుకుని ఉంటాడన్న సంగతిని మైకేల్ పొలానీ అనే ఆలోచనాపరుడు గత శతాబ్దంలో వివరంగా చర్చించాడు. 1995లో జపాన్ పండితులు నొనాకా, టకెయుచి వెలువరించిన గ్రంథం ఈ రెండు రకాల జ్ఞానం సంస్థల్లో ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందో చూపించింది.

మొదటి రకం జ్ఞానాన్ని ఆజ్ఞతో రాబట్టవచ్చు. 'ఈ పట్టిక రాసివ్వు' అంటే గుమాస్తా రాసిస్తాడు. రెండో రకాన్ని ఆజ్ఞతో రాబట్టలేం. అది పక్కన నిలబడి, చేయి పట్టుకుని, తప్పు చేసినప్పుడు సరిదిద్ది, మళ్లీ చేయనిచ్చి నేర్పవలసిన విద్య. ఇందుకు నేర్పేవాడి మనసు కావాలి. నేర్చుకునేవాడికి 'నాకు రాదు' అని చెప్పే ధైర్యం కావాలి. నమ్మకం లేనిచోట ఈ రెండూ ఉండవు. అందుకే నమ్మకం లోపిస్తే ముందుగా మాయమయ్యేది అత్యంత విలువైన ఈ రెండో రకం జ్ఞానమే. ఆ అనుభవజ్ఞుడు పని మానేసిన రోజునో, కన్నుమూసిన రోజునో అది ఆయనతోనే వెళ్లిపోతుంది.

ఆరు వారాల ముందే తెలిసిన ప్రమాదం

ఇది ఎంత తీవ్రమైన విషయమో తెలియడానికి ఒక వాస్తవ సంఘటన చూద్దాం. 1974 డిసెంబరు 1న అమెరికాలో ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ వారి 514వ నంబరు విమానం వాషింగ్టన్ దగ్గరి డలెస్ విమానాశ్రయంలో దిగబోతూ, వర్జీనియా రాష్ట్రంలోని మౌంట్ వెదర్ అనే కొండను ఢీకొంది. అందులో ఉన్న 92 మందీ చనిపోయారు. విమానాన్ని దిగేందుకు అనుమతిస్తూ కింది నుంచి కంట్రోలర్లు చెప్పిన మాటను పైలట్లు ఒక రకంగా అర్థం చేసుకున్నారు, కంట్రోలర్లు ఉద్దేశించింది మరొకటి. ఇక కిందికి దిగవచ్చు అనుకుని పైలట్లు కొండ ఉన్నచోటే విమానాన్ని కిందికి దించేశారు.

విచారణలో బయటపడిన మరో సంగతి ఇంకా బాధాకరమైనది. దాదాపు ఆరు వారాల ముందు మరో సంస్థ అయిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి ఇదే చోట, ఇదే విధంగా పొరబడి, వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పించుకుంది. ఆ పైలట్లు తమ పొరపాటును దాచిపెట్టలేదు. అప్పటికి యునైటెడ్ సంస్థ తన పైలట్లు నిర్భయంగా ఇటువంటి సంగతులు తెలియజేసుకునే ఏర్పాటు ఒకటి ప్రారంభించి ఉంది. వారు దాని ద్వారా చెప్పారు. సంస్థ వెంటనే తన పైలట్లందరినీ హెచ్చరించింది. కాని ఆ హెచ్చరిక ఆ సంస్థ గోడలు దాటి బయటికి రాలేదు. పక్క సంస్థ పైలట్ల చెవిన పడలేదు. ఆ ఒక్క మాట ఆరు వారాల్లో చేరవలసిన చోటికి చేరి ఉంటే?

దీని తరువాత అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 1975లో ఒక పథకం తెచ్చింది. పైలట్లారా, మీకు ఎదురైన ప్రమాదకర సంఘటనలు మాకు చెప్పండి, మీ మీద చర్య తీసుకోం అని పిలుపునిచ్చింది. అయినా పైలట్లకు నమ్మకం కుదరలేదు. ఎందుకు? లైసెన్సు రద్దు చేసేదీ ఆ సంస్థే, జరిమానా వేసేదీ ఆ సంస్థే. శిక్ష వేసే చేతికే ఎవరైనా తమ పొరపాటు రాసి ఇస్తారా?

అప్పుడు వారు చేసిన పని గమనించదగింది. 1976లో ఈ బాధ్యతను శిక్షించే అధికారం ఏమాత్రం లేని మరో సంస్థకు, అంటే అంతరిక్ష పరిశోధన సంస్థ నాసాకు అప్పగించారు. పంపిన నివేదికలోంచి పేరు, గుర్తులు ఉన్న భాగాన్ని విడదీసి తిరిగి పంపినవారికే ఇచ్చేస్తారు. తెలియక జరిగిన తప్పును పది రోజుల్లోగా తెలియజేసినవారికి శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. కావాలని చేసిన నేరాలకు, జరిగిపోయిన ప్రమాదాలకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. అందిన సంగతుల్లోని పాఠాలను 1979 నుంచి ఒక చిన్న నెలసరి పత్రిక ద్వారా అందరికీ పంచుతున్నారు. ఇప్పటివరకు 20 లక్షలకు పైగా నివేదికలు అక్కడికి చేరాయి.

ఇక్కడ ఆలోచించండి. పైలట్లు మారలేదు. వారి జ్ఞానం మారలేదు. అడిగిన ప్రశ్న కూడా మారలేదు. మారింది ఒక్కటే, అడిగేవారి మీద నమ్మకం. నమ్మకం కుదిరిన చోట నోళ్లు తెరుచుకున్నాయి.

ఏది మంచి వార్డు?

1990ల తొలినాళ్లలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని రెండు ఆసుపత్రుల్లో ఎనిమిది వార్డులను పరిశీలించారు. నర్సులు, వైద్యులు కలిసిమెలిసి చక్కగా పనిచేసే వార్డుల్లో మందులు ఇవ్వడంలో తప్పులు తక్కువగా ఉంటాయని ఆమె భావించారు. మనమైనా అలాగే అనుకుంటాం. తీరా లెక్క చూస్తే ఫలితం తలకిందులుగా వచ్చింది. మంచి సఖ్యత ఉన్న వార్డుల్లోనే ఎక్కువ తప్పులు నమోదై ఉన్నాయి!

మంచివాళ్లు ఎక్కువ తప్పులు చేస్తారా? కాదు. లోతుగా పరిశీలిస్తే అసలు సంగతి బోధపడింది. ఆ వార్డుల్లో పెద్ద నర్సు పొరపాటు విని మండిపడదు. 'ఎలా జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేద్దాం' అని అడుగుతుంది. అందుకని తప్పు జరిగితే వెంటనే చెప్పేవారు, దాన్ని సరిదిద్దేవారు, మిగతావారు దాని నుంచి నేర్చుకునేవారు. భయం రాజ్యమేలే వార్డుల్లో తప్పులు జరగకపోవడం కాదు, బయటికి రాకపోవడం జరిగింది. ఈ పరిశోధన 1996లో ప్రచురితమైంది. 1999లో ఆమె ఒక ఉత్పత్తి సంస్థలోని 51 బృందాల మీద చేసిన మరో పరిశోధనను వెలువరించారు. మాట్లాడితే అవమానం జరగదన్న భరోసా ఉన్న బృందాలే ఎక్కువగా అడుగుతాయి, నేర్చుకుంటాయి, అందువల్ల బాగా పనిచేస్తాయి అని అందులో తేలింది.

యజమానులకు, పెద్దలకు ఇందులో గొప్ప గుణపాఠం ఉంది. 'మా దగ్గర ఏ తప్పూ జరగదు, ఎవరూ ఏ ఫిర్యాదూ చేయరు' అని మురిసిపోయే ముందు, అది నిజంగా తప్పులు లేని నిశ్శబ్దమా, లేక భయం వల్ల వచ్చిన నిశ్శబ్దమా అని తేల్చుకోవాలి.

నమ్మకానికి మూడు కాళ్లు

నమ్మకం అంటే ఏమిటి? ఎదుటివాడు మనకు హాని చేయగల స్థితిలో ఉన్నా, చేయడని భావించి మన బలహీనతను వాడి ముందు ఉంచడానికి సిద్ధపడటమే నమ్మకం. 1995లో మేయర్, డేవిస్, షూర్మన్ అనే ముగ్గురు పండితులు ఈ విషయాన్ని విశ్లేషిస్తూ, ఒక మనిషిని నమ్మడానికి మూడు కారణాలు ఉంటాయని చెప్పారు. ఒకటి సామర్థ్యం, అంటే ఆ పని అతనికి వచ్చునా? రెండు శ్రేయోభావం, అంటే అతను మన మేలు కోరేవాడేనా? మూడు నిజాయితీ, అంటే అతని మాటకూ చేతకూ పొంతన ఉందా?

ఈ మూడూ ముక్కాలిపీట కాళ్ల లాంటివి. ఒక్కటి విరిగినా పీట నిలవదు. మనసు మంచిదే గాని పనిరాని మేస్త్రీ సలహా విని గోడ కట్టం. పని బాగా వచ్చి మన చెడు కోరేవాడి సలహా విన్నా నష్టపోతాం. పని వచ్చి, మేలు కోరుతూ కూడా మాట మీద నిలబడనివాడికి మన రహస్యం చెప్పం.

2004లో లెవిన్, క్రాస్ అనే పరిశోధకులు అమెరికా, బ్రిటన్, కెనడా దేశాల్లోని మూడు సంస్థల ఉద్యోగులను పరిశీలించి ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పారు. దగ్గరి స్నేహితుల నుంచి ఉపయోగకరమైన జ్ఞానం ఎందుకు అందుతుందంటే, వారి సామర్థ్యం మీద, మంచితనం మీద మనకు నమ్మకం ఉండటం వల్లనే. అంటే కేవలం సాన్నిహిత్యం చాలదు. అంతగా పరిచయం లేని మనిషైనా సరే, ఈ రెండు విషయాల్లో నమ్మదగినవాడైతే అతని నుంచి కూడా మేలైన జ్ఞానం అందుతుంది. అలాంటివాడు మనకు తెలియని కొత్త సంగతులు తెచ్చే అవకాశం కూడా ఎక్కువ. పైన చెప్పుకున్న రెండో రకం జ్ఞానం, అంటే కాగితానికి ఎక్కని పనితనం విషయంలో చెప్పేవాడి సామర్థ్యం మీద నమ్మకం మరీ ముఖ్యమని కూడా వారు గుర్తించారు. రాసి ఉన్నదైతే చదివి సరిచూసుకోవచ్చు. చేతి విద్యను సరిచూసుకునే దారి ఏది? గురువును నమ్మడమే.

దాచిపెట్టే మూడు పద్ధతులు

జ్ఞానాన్ని పంచకపోవడం వేరు, అడిగినప్పుడు దాచడం వేరు. కెథరిన్ కనెల్లీ, ఆమె సహచర పరిశోధకులు 2012లో ఈ రెండో దాని మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఉద్యోగులు మూడు రకాలుగా దాస్తారని వారు చెప్పారు. మొదటిది తప్పించుకోవడం. 'రేపు చెబుతాలే' అని నాన్చడం, లేదా పనికిరాని ముక్క ఒకటి చెప్పి పంపడం. రెండోది ఏమీ తెలియనట్టు నటించడం. మూడోది కారణం చూపి నిరాకరించడం. 'ఇది పెద్దాయన ఎవరికీ చెప్పొద్దన్నారు' అనడం ఇందుకు ఉదాహరణ. ఈ మూడోదానిలో అన్నిసార్లూ మోసం ఉండదు. నిజంగానే చెప్పకూడని సంగతి కావచ్చు. మొదటి రెండింటిలో మాత్రం అబద్ధం దాగి ఉంది. అడిగే మనిషి మీద అపనమ్మకం ఉన్నప్పుడే ఈ దాపరికం పెరుగుతుందని ఆ పరిశోధన తేల్చింది.

ఇక దీని పర్యవసానం చూడండి. నేను దాస్తే నీవు గ్రహిస్తావు. గ్రహించాక నీవూ నా దగ్గర దాస్తావు. 2014లో వెలువడిన మరో పరిశోధన, దాచేవాడు చివరికి తన సృజనశక్తినే దెబ్బతీసుకుంటాడని చూపింది. దాచినవాడికి ఇతరులు కొత్త ఆలోచనలు అందించడం మానేస్తారు. అతడు తన పాత కిటుకులతోనే ఒంటరిగా మిగిలిపోతాడు. బావిలో నీరు తోడకుండా మూతపెడితే ఊట పెరగదు కదా!

డబ్బు చేయలేని పని

జ్ఞానం పంచడానికి డబ్బు ఎరచూపితే చాలదా అని ఎవరైనా అడగవచ్చు. జిరాక్స్ కంపెనీ అనుభవం దీనికి సమాధానమిస్తుంది. ఫొటోకాపీ యంత్రాలు బాగుచేసే ఆ కంపెనీ టెక్నీషియన్ల మధ్య జూలియన్ ఓర్ అనే పరిశోధకుడు చాలాకాలం గడిపాడు. యంత్రం మరమ్మతు ఎలా చేయాలో చెప్పే లావుపాటి పుస్తకాలు వారి దగ్గర ఉన్నాయి. అయినా మొండి లోపాలను వారు పరిష్కరించుకునేది ఆ పుస్తకాలతో కాదు. భోజనం దగ్గర, కాఫీ దగ్గర కూర్చుని ఒకరికొకరు చెప్పుకునే అనుభవాలతోనే! అతని పుస్తకం 1996లో వెలువడింది.

ఈ అవగాహనతో ఆ కంపెనీ 1990లలో టెక్నీషియన్లు తాము కనుగొన్న కిటుకులను కంప్యూటర్‌లో నమోదు చేసి అందరికీ అందించే ఏర్పాటు చేసింది. అది మొదట ఫ్రాన్సులో ఆచరణలోకి వచ్చింది. రాసిన ప్రతి కిటుకుకూ ఇంత డబ్బు అన్న ఆలోచన వచ్చినప్పుడు టెక్నీషియన్లే వద్దన్నారు. డబ్బు ఇస్తే లెక్క పెంచుకోవడానికి పనికిరానివన్నీ రాసేస్తారన్నది వారి భయం. వారు కోరింది రెండే. కిటుకు పక్కన దాన్ని కనుగొన్నవాడి పేరు ఉండాలి. దాన్ని పనితెలిసిన తోటివారు పరీక్షించి సరైనదని తేల్చిన తరువాతే అందరికీ అందాలి. పేరు ఉండటం వల్ల చెప్పినవాడికి గౌరవం దక్కింది, బాధ్యత కూడా ఉంది. పరీక్ష ఉండటం వల్ల వినేవాడికి నమ్మకం కుదిరింది.

చెప్పినవాడి పేరు, అతని విశ్వసనీయత పరీక్ష! ముస్లిం సమాజానికి ఇది కొత్త సంగతేమీ కాదు.

జ్ఞానం కూడా అమానతే

హదీసు పండితులు శతాబ్దాల క్రితమే ప్రతి ఉల్లేఖనానికీ దాన్ని చేరవేసినవారి పేర్ల గొలుసును జతపరిచారు. ఆ గొలుసులోని ప్రతి వ్యక్తినీ రెండు గీటురాళ్ల మీద పరీక్షించారు. ఒకటి అదాలత్, అంటే శీలం, నిజాయితీ. రెండోది జబ్త్, అంటే విన్నదాన్ని తప్పు లేకుండా గుర్తుంచుకుని చెప్పగల సామర్థ్యం. దైవభక్తి ఉన్నంత మాత్రాన ఆయన ఉల్లేఖనాన్ని స్వీకరించేవారు కాదు. మదీనాలోని ఎందరో సజ్జనుల నుంచి, వారు ఈ విద్యలో నిపుణులు కారన్న కారణంతో ఇమామ్ మాలిక్ (రహ్మ) హదీసులు తీసుకోలేదని చెబుతారు. మంచితనం, పనితనం రెండూ కలిస్తేనే నమ్మకం అన్న సూత్రం ఇదే.

యమామా యుద్ధంలో దివ్య ఖుర్‌ఆన్‌ను కంఠస్థం చేసినవారు ఎందరో అమరులయ్యారు. మనుషుల గుండెల్లో ఉన్నది మనుషులతోపాటే వెళ్లిపోయే ప్రమాదం ఉందని హజ్రత్ ఉమర్ (రజి) గుర్తించి, దాన్ని ఒకచోట గ్రంథస్థం చేయించమని ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి)కు సూచించారు. ఆ బాధ్యతను ఎవరికి అప్పగించారు? యువకుడైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు. ఆయన తెలివైనవారు, ఆయన మీద ఎవరికీ ఏ అనుమానమూ లేదు, దైవప్రవక్త (స) వద్ద వహీ రాసిన అనుభవం ఉంది. ఇవీ ఖలీఫా చూపిన కారణాలు. వయసు చూడలేదు, వంశం చూడలేదు. సామర్థ్యం, నిజాయితీ చూశారు.

ఇక పెద్దలు తమ కింద ఉన్నవారి మాట ఎలా వినాలో సీరా గ్రంథాల్లో చక్కటి ఉదాహరణలు ఉన్నాయి. క్రీ.శ. 624లో బద్ర్ సందర్భంగా దైవప్రవక్త (స) ఒకచోట విడిది చేసినప్పుడు హజ్రత్ హుబాబ్ (రజి) ముందుకు వచ్చి, ఈ స్థలం దైవాజ్ఞ వల్ల ఎంచుకున్నదా, లేక యుద్ధ వ్యూహంగా తమరు అనుకున్నదా అని మర్యాదగా అడిగారు. వ్యూహమే అని తెలిశాక, నీటి బావుల దగ్గరకు జరగడం మేలని సూచించారు. ఆ సూచన అంగీకరించబడింది. క్రీ.శ. 627లో మదీనా చుట్టూ శత్రువులు ముట్టడికి వచ్చినప్పుడు కందకం తవ్వే ఆలోచన చెప్పింది పర్షియా నుంచి వచ్చిన హజ్రత్ సల్మాన్ (రజి). ఆయన బానిసత్వం నుంచి విముక్తి పొందిన పరదేశి. అయినా ఆయన నిస్సంకోచంగా చెప్పగలిగారు, ఆయన మాట నగరాన్ని కాపాడింది. చెబితే వింటారు, విని గౌరవిస్తారు అన్న భరోసా ఉన్న వాతావరణం వల్లనే ఇది సాధ్యమయింది.

ఆ భరోసాకు పునాది ముందే పడింది. ప్రవక్త పదవికి ముందే మక్కా ప్రజలు ఆయన్ను 'అల్ అమీన్' అని పిలిచేవారు. హిజ్రత్ రాత్రి కూడా, తనను చంపజూసినవారి అప్పగింతలను తిరిగి ఇవ్వడానికి హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్లారు. డబ్బు, నగలు మాత్రమే అమానతు కాదు. మనకు తెలిసిన విద్య అమానతు. మనల్ని నమ్మి ఒకరు చెప్పిన పొరపాటు కూడా అమానతే. సలహా అడిగినవాడు మన చేతిలో ఒక అప్పగింతను పెట్టినట్టేనని మనకు బోధించబడింది.

ముందడుగు ఎవరిది?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. ఇరవై ఏళ్లు చెమటోడ్చి నేర్చుకున్న పనిని కుర్రవాడికి నేర్పేస్తే, యజమాని ఆ కుర్రవాణ్ని సగం జీతానికి పెట్టుకుని పెద్దాయనను పంపేస్తే? ఈ భయం ఊహ కాదు, లోకంలో జరుగుతున్నదే. కనుక 'విద్య దాచకు' అని పనివాడికి హితబోధ చేసి ఊరుకుంటే సరిపోదు. విమానాల ఉదంతంలో చూశాం, శిక్షించే అధికారం ఉన్నవారు ముందు తమ చేయి వెనక్కి తీసుకున్నాకే కిందివారు నోరు విప్పారు. నమ్మకానికి మొదటి అడుగు బలవంతుడే వేయాలి. కాబట్టి యజమానులు, అధికారులు, ఉస్తాదులు ఈ విషయాలు పాటించాలి.

ఒకటి, నేర్పినవాడికి నేర్పినందువల్ల నష్టం జరగకూడదు. నేర్పడాన్ని కూడా పనిగా లెక్కగట్టి, దానికి సమయం, గౌరవం, వీలైతే జీతంలో భాగం ఇవ్వాలి.

రెండు, మంచి ఆలోచన ఎవరిదో వారి పేరుతోనే చెప్పాలి. కిందివాడి ఆలోచనను పైవాడు తనదిగా చెప్పుకున్న రోజున ఆ చోట ఆలోచనలు ఎండిపోతాయి.

మూడు, తెలియక జరిగిన పొరపాటుకూ, కావాలని చేసిన మోసానికీ తేడా చూడాలి. మొదటిదాన్ని విని నేర్చుకోవాలి. రెండోదాన్ని ఉపేక్షించకూడదు. రెండింటికీ ఒకే శిక్ష వేస్తే రెండూ దాచబడతాయి.

నాలుగు, చెడ్డవార్త తెచ్చినవాడి మీద కోపం ప్రదర్శించకూడదు. ఒక్కసారి అరిస్తే పదిమంది నోళ్లు మూతపడతాయి.

పనిచేసేవారి బాధ్యతలు కూడా తక్కువేమీ కావు. తెలియనిది తెలియదని చెప్పాలి. తెలిసినట్టు నటించి చెప్పిన తప్పు సలహా దాపరికం కన్నా ప్రమాదకరం. విన్నదానికి కృతజ్ఞత చూపాలి, నేర్పినవారి పేరు నలుగురిలో చెప్పాలి. ఒకరు ఆంతరంగికంగా చెప్పుకున్న పొరపాటును టీకొట్టు దగ్గర కబురుగా మార్చకూడదు. అలాగే తోటివాడు అడగకముందే 'ఇక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నాను, జాగ్రత్త' అని హెచ్చరించాలి.

నమ్మకం అంటే గుడ్డినమ్మకం కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఖాతాదారుడి లెక్కలు, రోగి జబ్బు వివరాలు, సంస్థ అప్పగించిన రహస్యాలు బయటపెట్టడం జ్ఞానం పంచడం అనిపించుకోదు. అది అమానతులో ద్రోహం. అలాగే ఎంత నమ్మకస్తుడు చెప్పినా మందు మోతాదును, కరెంటు తీగను, డబ్బు లెక్కను రెండోసారి సరిచూసుకోవాలి. సరిచూడటం అనుమానించడం కాదు. హదీసు పండితులు సజ్జనుల మాటలను కూడా పరీక్షించారు కదా!

ఈ శిక్షణ ఇంట్లోనే మొదలు

ఆఫీసులో నోరు విప్పలేని మనిషి అక్కడే అలా తయారు కాలేదు. గ్లాసు పగలగొట్టిన పిల్లవాడు నిజం చెప్పినప్పుడు చెంపదెబ్బ తిన్నాడు. అబద్ధం చెప్పినప్పుడు తప్పించుకున్నాడు. వాడు నేర్చుకున్న పాఠం ఏది? లెక్క అర్థం కాలేదన్న ఆడపిల్లను నలుగురిలో 'ఇంత మొద్దువా' అని అన్నారు. ఆమె ఇక అడగడం మానేసింది. అన్న తన పుస్తకాన్ని తమ్ముడికి చూపకపోతే మెచ్చుకోలుగా నవ్వి ఊరుకున్నాం. రేపు ఈ పిల్లలే నర్సులు, మెకానిక్‌లు, ఇంజనీర్లు, అధికారులు అవుతారు. ఇంట్లో నేర్చిన నిశ్శబ్దాన్నే అక్కడికి తీసుకువెళతారు.

కనుక తల్లిదండ్రులు నిజం చెప్పిన బిడ్డను ముందు నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలి, ఆ తరువాత పొరపాటును సరిదిద్దాలి. అత్త కోడలికి వంట కిటుకు దాచకుండా చెప్పాలి. కోడలు తనకు తెలిసిన కొత్త సంగతి చెబితే అత్త చిన్నబుచ్చుకోకుండా వినాలి. తండ్రి తన వ్యాపారపు లెక్కలు, అప్పులు, రావలసిన బాకీలు భార్యాబిడ్డలకు తెలియజేసి ఉంచాలి. ఆయన హఠాత్తుగా కన్నుమూస్తే ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియక ఇబ్బందిపడే కుటుంబాలు ఎన్నో!

మన చేతిలో ఉన్న విద్య మనతోనే మట్టిలో కలిసిపోవాలా, మన తరువాత కూడా పదిమందికి మేలు చేయాలా? లాభం చేకూర్చే జ్ఞానాన్ని వదిలి వెళ్లినవాడి పుణ్యం మరణంతో ఆగిపోదని మనం నమ్ముతాం. ఆ పుణ్యం దక్కాలంటే ముందు మనం నమ్మదగినవారం కావాలి, మన చుట్టూ ఉన్నవారు నిర్భయంగా నోరు విప్పగలిగేలా మెలగాలి. అల్లాహ్ మనందరికీ అమానతులను కాపాడే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.